మిద్దె తోటకి మిత్ర పురుగులు: ఏవి కొనాలి, ఎన్ని వదలాలి, వదిలినవి ఎందుకు నిలవడం లేదు?

మిద్దెతోట_ఉప్పల్ (ప్రశ్న)

నమస్కారమండీ. హైదరాబాద్‌లో రెండంతస్తుల ఇంటి మీద 400 చదరపు అడుగుల మిద్దె తోట. కుండీలు, గ్రోబ్యాగులు కలిపి 70 దాకా ఉన్నాయి. రసాయన మందులు వాడటం లేదు. ఈ అక్టోబరులో పరిస్థితి ఇదీ:

మందారం: కొమ్మల కణుపుల్లో, మొగ్గల మొదట్లో పిండినల్లి. కాండం మీద నల్లచీమలు బారులు తీరి ఎక్కుతున్నాయి.

జామ: ఆకుల అడుగున తెల్లటి పిండి, కింది ఆకుల మీద నల్లటి మసి.

బెండ, చిక్కుడు: చిగుళ్ల నిండా పేనుబంక.

వంగ: చిగుళ్లు తల వాలుస్తున్నాయి, కాయలకి బెజ్జాలు పడుతున్నాయి. కొన్ని ఆకుల్లో పచ్చదనం గీకేసినట్టు పోయి జల్లెడలా మిగిలాయి. వాటి మీద మచ్చల పెంకు పురుగులున్నాయి. అక్షింతల పురుగులు మేలు చేసేవే కదా అని వాటిని ముట్టుకోలేదు.

వారానికోసారి వేపనూనె లీటరుకి 10 మి.లీ., గిన్నెలు తోమే ద్రవం కలిపి పిచికారీ చేస్తున్నాం. పసుపు జిగురు అట్టలు 8 కట్టాం.

చీడపురుగుల్ని చంపే మిత్ర పురుగుల్లో ట్రైకోకార్డులు (చిన్న కందిరీగ పిల్లలున్న గుడ్లు అతికించిన అట్టలు), క్రైసోపా గుడ్లు, పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ పెంకు పురుగులు దొరుకుతాయని తెలిసింది. ఇంత చిన్న చోటుకి ఏవి కొనాలి, ఎన్ని, ఎప్పుడు వదలాలి? కొని వదిలినవాళ్లు చాలామంది రెండు రోజులకే ఒక్కటీ కనిపించలేదంటున్నారు. ఎందుకలా?

పొలంబడి

మీ ఆఖరి ప్రశ్నకి జవాబు మీ పోస్టులోనే ఉందండీ. చీమలు, వారం వారం వేపనూనె, 8 జిగురు అట్టలు. ఈ మూడూ ఉన్నచోట ఏ మిత్ర పురుగునీ నిలబెట్టలేం. కొనే ముందు రెండు వారాల పని ఉంది, అది చేయకుండా డబ్బు పెట్టకండి.

ముందు చీమల సంగతి చూడండి. పిండినల్లి, పేనుబంక రసం పీల్చి విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. మిత్ర పురుగు దగ్గరికొస్తే కరిచి తరిమేస్తాయి, దాని గుడ్లు దొరికితే మోసుకుపోతాయి. మందారం కాండానికి జానెడు ఎత్తున, రెండంగుళాల వెడల్పున గుడ్డ పట్టీ బిగించి చుట్టి, ఆ గుడ్డ మీద గ్రీజు గానీ వ్యాజిలీన్ గానీ మందంగా పూయండి. నేరుగా బెరడుకి పూస్తే బెరడు దెబ్బతింటుంది. పట్టీ కట్టాక కొమ్మలు గోడకీ, పక్క కుండీకీ, డ్రిప్ పైపుకీ తగలకుండా కత్తిరించాలి. ఒక్క ఆకు గోడకి ఆనినా చీమలకి అదే దారి. చాలామంది పట్టీ కట్టి ఈ పని మరిచిపోతారు, పట్టీ పనిచేయలేదంటారు. దుమ్ము పడితే జిగురు ఆరిపోతుంది కాబట్టి వారానికోసారి మళ్లీ పూయాలి.

పుట్ట గోడ సందులో ఎక్కడో ఉంటే ఎర పెట్టాలి. అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో 50 గ్రాముల పంచదార, 5 గ్రాముల బోరిక్ పౌడరు కరిగించి, దూది ముంచి, పక్కన బెజ్జాలు చేసిన చిన్న మూత డబ్బాలో పెట్టి చీమల బారు పక్కనే ఉంచండి. బోరిక్ ఎక్కువైతే పని త్వరగా అవుతుందనుకోవద్దు. తిన్న చీమ దారిలోనే చచ్చిపోతే ఆ ఎర పుట్టలో ఉన్న రాణిదాకా చేరదు. నిదానంగా పనిచేయాలి, వారం పది రోజులు పడుతుంది. పసిపిల్లలకీ పెంపుడు జంతువులకీ అందని చోట పెట్టండి.

ఇక వేపనూనె. లీటరుకి 10 మి.లీ. ఎక్కువ. సీసా మీద 1500 పీపీఎం (అందులోని వేప మందు గాఢత) అని ఉంటే 5 మి.లీ., 10,000 పీపీఎం అయితే 1 మి.లీ. చాలు. మోతాదు ఒకటైతే, అసలు సంగతి ఇంకొకటి. వేపలోని అజాడిరక్టిన్ పురుగుని సరిగ్గా కుబుసం విడవనివ్వదు. పెద్ద పెంకు పురుగుకి దాంతో పెద్ద ప్రమాదం లేదు గానీ, దాని పిల్లలు కుబుసం విడుస్తూనే పెరగాలి కదా, దెబ్బ వాటికి తగులుతుంది. మనకి పనిచేసేవి ఆ పిల్లలే. సబ్బు నీళ్లు వేరు: తడిసినదాన్ని చంపుతాయి, ఆరాక ఏమీ చేయవు. అందుకని పురుగులు వదలడానికి పది రోజుల ముందే వేపనూనె ఆపేయండి. ఆ మధ్యలో తెగులు ముదిరితే నీళ్ల పైపు కొసని వేలితో నొక్కి, ధార బలంగా కణుపుల్లోకి కొట్టండి. పిండినల్లి చాలావరకు రాలిపోతుంది, రాలినవి చీమలు లేకపోతే మళ్లీ చెట్టెక్కడం కష్టం.

జిగురు అట్టల్లో 7 తీసేయండి. పసుపు రంగుకి తెల్లదోమతో పాటు సిర్ఫిడ్ ఈగలు (వీటి పిల్లలు పేనుబంకని తింటాయి), అక్షింతల పురుగులు, పిండినల్లి మీద గుడ్లు పెట్టే చిన్న కందిరీగలూ వచ్చి అతుక్కుంటాయి. తెల్లదోమ ఎంత ఉందో చూసుకోవడానికి ఒక్క అట్ట చాలు.

ఇంతా చేశాక మీరు కొనదగ్గది ఒక్కటే: మందారానికి క్రిప్టోలీమస్. దీన్ని 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి కాఫీ తోటల్లోని పచ్చ పొలుసు పురుగు కోసం తెచ్చారు. దాని మీద పని జరగలేదు గానీ పిండినల్లి మీద నిలదొక్కుకుంది. పెద్దది 4 మి.మీ. ఉంటుంది, ఒళ్లంతా నల్లగా, తల, మెడ నారింజ రంగులో. ఒక మోస్తరు మందారం చెట్టుకి 10 చాలు. సాయంత్రం ఎండ తగ్గాక, నీళ్లు పోసిన మొక్క మీద, పిండినల్లి గుత్తుల పక్కనే డబ్బా మూత తీసి ఆనించండి. వాటంతట అవే ఎక్కుతాయి, దులపకండి. వెంటనే పాత దోమతెర ముక్కతో ఆ కొమ్మని సంచిలా కప్పి మొదట్లో కట్టేయండి. మూడు, నాలుగు రోజులు అలాగే ఉంచితే గుడ్లు పెట్టడం మొదలవుతుంది, ఆ తర్వాత తెర విప్పితే పెద్దవి ఎగిరిపోయినా ఫర్వాలేదు. "రెండు రోజులకే మాయం" అనేవాళ్లు తెర కట్టకుండా మధ్యాహ్నం ఎండలో వదిలినవాళ్లే ఎక్కువ.

ఇంకో షరతు. ఇది పిండినల్లి గుడ్ల సంచుల్లో, అంటే దూదిలా కనిపించే ముద్దల్లో గుడ్లు పెడుతుంది. పిండినల్లిని పూర్తిగా కడిగేసి, శుభ్రమైన చెట్టు మీద పెంకు పురుగులు వదిలితే తిండీ లేదు, గుడ్లు పెట్టే చోటూ లేదు. రెండు కొమ్మలైనా కడగకుండా ఉంచండి. ఫలితం మూడు, నాలుగు వారాలకి గానీ కనిపించదు. ఆలోగా ఓపిక పట్టలేక పిచికారీ చేస్తే అంతా మొదటికొస్తుంది.

ఆకు_అడుగున

పైన చెప్పిన దానికి ఒక హెచ్చరిక చేర్చాలి. క్రిప్టోలీమస్ పిల్ల అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. ఒళ్లంతా తెల్లటి మైనం పోగులు. కొన్నవాళ్లే వాటిని పెద్ద పిండినల్లులనుకుని నలిపేస్తుంటారు. తేడా పట్టడం తేలిక. పిండినల్లి 3, 4 మి.మీ. మించదు, పుల్లతో తాకితే కదలీ కదలనట్టుంటుంది. ఈ పిల్ల 13 మి.మీ. దాకా పెరుగుతుంది, పోగులు పొడుగ్గా వంకర్లు తిరిగి ఉంటాయి, తాకితే పరుగెడుతుంది. తిరగేసి చూస్తే కింద ఆరు కాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇప్పుడు మీ వంగ. ఆకు జల్లెడ చేసినవి మీరనుకునే మిత్రులు కావండీ. ఇక్కడ మన పేరే చిక్కు తెచ్చింది. పేనుబంకని తినేదాన్నీ అక్షింతల పురుగే అంటాం, వంగ ఆకు గీకేదాన్నీ అక్షింతల పురుగే అంటాం. రెండోది ఎపిలాక్నా, 12 మచ్చలదీ 28 మచ్చలదీ ఉన్నాయి. వంగతో పాటు కాకర మీద కూడా వస్తుంది. రెండింటినీ అరచేతిలో పెట్టుకుని చూడండి. మిత్ర పురుగు వీపు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ఎపిలాక్నా వీపు మీద సన్నటి నూగు ఉంటుంది, అందుకే ఇటుక రంగు మాసినట్టు, మెరుపు లేకుండా కనిపిస్తుంది. పిల్లల్లో తేడా ఇంకా ఎక్కువ. మిత్రుడి పిల్ల నల్లగా, సన్నగా, చిన్న మొసలి ఆకారంలో, నారింజ మచ్చలతో, పొడుగు కాళ్లతో పేనుబంక మధ్య తిరుగుతూ ఉంటుంది. ఎపిలాక్నా పిల్ల పసుపుగా, పొట్టిగా, ఒళ్లంతా కొమ్మలు చీలిన ముళ్లతో ఆకుకి అంటుకుని ఉంటుంది. గుడ్లు రెండింటివీ పసుపే, నిలబెట్టినట్టే ఉంటాయి, కాబట్టి గుడ్లని బట్టి తీర్పు చెప్పకండి. పేనుబంక లేని వంగ ఆకు మీద పసుపు గుడ్ల గుత్తి ఉంటే అది శత్రువుదే అయ్యే అవకాశం ఎక్కువ.

ఎపిలాక్నాని పొద్దున్నే, అవి మందకొడిగా ఉన్నప్పుడు, చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేయడమే మంచి పద్ధతి. ఒక్క మినహాయింపు: ముళ్ల పిల్లల్లో కొన్ని గోధుమ రంగుకి తిరిగి, ఉబ్బి, ఆకుకి అతుక్కుని కదలకుండా ఉంటాయి. వాటిలో పీడియోబియస్ అనే చిన్న కందిరీగ పిల్లలున్నాయి. వాటిని ఆకుతో సహా వదిలేయండి, ఒక్కో దానిలోంచి చాలా కందిరీగలు వస్తాయి.

బెండ మీది పేనుబంకలో కూడా వెతకండి. ఆకుపచ్చ పేనుల మధ్య కొన్ని గోధుమ రంగులో గుండ్రంగా ఉబ్బి, కాగితంలా ఎండి ఉంటాయి. కొన్నింటికి వెనక వైపు గుండుసూది మొనంత గుండ్రటి బెజ్జం ఉంటుంది. బెజ్జం ఉంటే కందిరీగ బయటికి వచ్చేసింది, లేకపోతే ఇంకా లోపలే ఉంది. ఒక చిగురులో ఇలాంటివి పది కనిపిస్తే ఆ మొక్క జోలికి పోకండి, పని జరుగుతోంది. కాళ్లు లేకుండా, తలవైపు సన్నగా, జలగలా సాగుతూ కదిలే లేత ఆకుపచ్చ పురుగు కనిపిస్తే అది సిర్ఫిడ్ ఈగ పిల్ల, దాన్ని లద్దె పురుగనుకుని తీసేయకండి. ఆకు మీద సన్నటి దారం కొసన వేలాడుతున్నట్టు, లేదా నిటారుగా నిలబడ్డట్టు ఒక్కో గుడ్డు ఉంటే అది అల్లిక రెక్కల పురుగుది, మీరు క్రైసోపా అన్నది దాన్నే.

మందారం మీది పిండినల్లిలోనూ ఇలాంటివి ఉంటాయి. పత్తి మీద, మందారం మీద వచ్చే పిండినల్లికి ఏనాసియస్ అనే చిన్న కందిరీగ మన దగ్గర సహజంగానే ఉంది. అది గుడ్డు పెట్టిన పిండినల్లి మైనం రాలిపోయి, ఎర్రగోధుమ రంగులో తోలు పీపాలా గట్టిపడుతుంది. కొమ్మలు కత్తిరించి పారేసే ముందు భూతద్దం పెట్టి చూడండి. అలాంటివి ఉన్న కొమ్మల్ని కత్తిరించినా, చెట్టు మొదట్లో నీడన ఒక జల్లి బుట్టలో రెండు వారాలు ఉంచండి. పిండినల్లి ఎండిపోతుంది, కందిరీగలు ఎగిరి చెట్టెక్కుతాయి.

మిద్దెతోట_ఉప్పల్

చాలా కృతజ్ఞతలండీ ఇద్దరికీ. వంగ మీదివి నూగుతో, మెరుపు లేకుండానే ఉన్నాయి, ఎపిలాక్నాయే. జామ ఆకు మళ్లీ చూశాను. పిండి గుత్తులుగా లేదు, ముగ్గు వేసినట్టు తెల్లటి గుండ్రటి గీతలున్నాయి, తాకితే తెల్లటి చిన్న దోమలు లేస్తున్నాయి. దీనికి కూడా క్రిప్టోలీమస్ వదలొచ్చా? అలాగే వంగ కాయతొలుచు పురుగుకి ట్రైకోకార్డు ఒక్కటి తెప్పిస్తే సరిపోతుందా?

కోనసీమ_కొబ్బరి

జామ మీద ఉన్నది పిండినల్లి కాదండీ, సర్పిలాకార తెల్లదోమ. గుడ్లు వలయాలుగా పెట్టి పైన మైనం పూస్తుంది, మీరు చూసిన ముగ్గు అదే. కొబ్బరి మీద 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతంలో కనిపించింది, తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్ని కమ్మేసింది. కొబ్బరితో పాటు అరటి, జామ, ఇంకా చాలా మొక్కల మీదికి వస్తుంది. క్రిప్టోలీమస్ దీనికి పనికిరాదు.

దీనికి అసలు మందు ఎన్కార్సియా గ్వాడెలూపే అనే కందిరీగ. దోమ పిల్ల మీద గుడ్డు పెడుతుంది, ఆ పిల్ల నల్లబడుతుంది. మీ జామ ఆకుల అడుగున మైనాన్ని మెత్తటి బ్రష్‌తో తుడిచి చూడండి. లేత పసుపు పిల్లల మధ్య నల్లవి ఉన్నాయా? ఉంటే మీ మిద్దె మీదికి అది తనంతట తానే వచ్చేసిందని అర్థం. ఖాళీ పెంకుల్ని బట్టి కూడా చెప్పొచ్చు: దోమ బయటికి వచ్చిన పెంకు మీద ఇంగ్లీషు టీ ఆకారంలో చీలిక ఉంటుంది, కందిరీగ వచ్చిన పెంకుకి గుండ్రటి బెజ్జం ఉంటుంది. గుండ్రటి బెజ్జాలు ఎక్కువగా ఉంటే చేతులు కట్టుకుని కూర్చోవడమే ఉత్తమం. లేకపోతే, ఎక్కడైనా నల్లపిల్లలు ఎక్కువగా ఉన్న కొబ్బరి ఈనెల ముక్కలో, జామ ఆకులో తెచ్చి మీ చెట్టు కొమ్మకి ఆకు అడుగుభాగం కిందికి ఉండేలా స్టేపుల్ చేయండి. వాటి మీద బతికున్న దోమ పిల్లలు కూడా వస్తాయేమో అని భయం అక్కర్లేదు, మీ చెట్టు మీద అవి ఇప్పటికే ఉన్నాయి.

దీని మీద రసాయనం కొట్టడం పెద్ద పొరపాటు. దోమ ఆకు అడుగున మైనం కింద ఉంటుంది, మందు దానికి సరిగా తగలదు. బయట తిరిగే కందిరీగకి మాత్రం బాగా తగులుతుంది. ఫలితంగా దోమ రెట్టింపవుతుంది. ఆకు అడుగుకి నీళ్ల ధార కొట్టండి. నల్లమసికి పల్చటి గంజి: లీటరు నీళ్లకి 10 గ్రాముల మైదా ఉడికించి, చల్లార్చి, వడకట్టి ఆకుల పైభాగాన పిచికారీ చేస్తే, ఎండకి ఆరి పొరలా లేచి మసిని కూడా లాక్కుని రాలిపోతుంది. దోమ మరీ ఎక్కువగా ఉంటే ఐసేరియా ఫ్యూమోసోరోజియా అనే శిలీంధ్రం లీటరుకి 5 గ్రాములు, కొంచెం సబ్బు కలిపి, సాయంత్రం, గాలిలో తేమ ఉన్నప్పుడు ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ఎండలో కొడితే బీజాలు చచ్చిపోతాయి. కొబ్బరి ఉన్నవాళ్లు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగితే దీని గురించీ, అల్లిక రెక్కల పురుగుల గురించీ చెబుతారు.

గుడ్డు_కార్డు

ట్రైకోకార్డు లెక్క ఒకసారి చూద్దాం. ఒక కార్డు మీద దాదాపు 20,000 గుడ్లు అతికించి ఉంటాయి. అవి బియ్యపు చిమ్మట గుడ్లు, వాటి లోపల ట్రైకోగ్రామా కందిరీగ పిల్లలు. పొలంలో ఒకసారికి ఎకరానికి ఒక కార్డు కడతారు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. మీ 400 అడుగులకి ఆ లెక్కన 184 గుడ్లు. కార్డుని 20 ముక్కలు చేస్తే ఒక్క ముక్కలోనే 1,000 ఉంటాయి. అంటే కార్డు కొంటే 19 ముక్కలు వృథా.

సరే, ఒక్క ముక్క ఎవరైనా ఇచ్చినా మిద్దె వంగకి నేను వద్దనే చెబుతాను. ఈ కందిరీగ అర మిల్లీమీటరు ఉంటుంది, మిద్దె మీది గాలికి నిలవదు. పెద్దయ్యాక బతికేది కొద్ది రోజులే, అందుకే వారం వారం 5, 6 సార్లు కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇది గుడ్డుని మాత్రమే పడుతుంది. వంగ చిమ్మట, అంటే కాయతొలుచు పురుగు తల్లి, గుడ్లు ఆకుల అడుగున ఒక్కొక్కటిగా రాత్రిపూట పెడుతుంది, పొదిగిన పిల్ల కొద్ది గంటల్లోనే చిగురులోకో కాయలోకో దూరిపోతుంది. దూరాక ట్రైకోగ్రామా దాన్నేమీ చేయలేదు. మీ చిగుళ్లు ఇప్పటికే వాలుతున్నాయంటే పురుగు లోపలుంది.

వంగకి చేయాల్సింది: వాలిన చిగురుని వాలిన చోటుకి అంగుళం కింద కత్తిరించి, గట్టిగా మూసే కవర్లో వేసి రెండు రోజులు ఎండలో పెట్టండి. కంపోస్టులో వేయకండి, పురుగు ఎండుటాకుల్లోనే కోశం కట్టుకుని చిమ్మటై బయటికి వస్తుంది. మొక్క మొదట్లో రాలిన ఆకులు కూడా అందుకే ఏరేయాలి. వారానికి రెండుసార్లు, ఒక్క చిగురూ వదలకుండా. మొక్కల ఎత్తుకి కొంచెం పైన ఒక లింగాకర్షక బుట్ట (ఆడ చిమ్మట వాసనతో మగ చిమ్మటల్ని పట్టేది) కట్టండి, అందులోని వాసన బిళ్ల, అంటే ల్యూర్, నెలకోసారి మార్చాలి. ల్యూర్‌ని చేత్తో ముట్టుకోకండి, చేతి వాసన, నూనె అంటుతాయి. వంగ కుండీలు నాలుగైదే ఉంటే 1 మి.మీ. కన్నాల నెట్‌తో కప్పేయడం ఇంకా మంచిది. పూత సమయంలో పొద్దున పూట కొమ్మల్ని మెల్లగా తట్టండి, వంగ పూలకి అది చాలు.

ట్రైకోకార్డు పెరట్లో మొక్కజొన్నో, టమాటా మళ్లో విస్తారంగా ఉన్నవాళ్లకి. టమాటాలో కూడా ఆకుల మీది జిగురు నూగు ఈ కందిరీగని ఇబ్బంది పెడుతుంది, కాబట్టి మరీ ఎక్కువ ఆశించొద్దు. కొనేటప్పుడు గుడ్ల రంగు చూడండి. నల్లగా ఉంటేనే లోపల కందిరీగ ఉన్నట్టు, తెల్లగా ఉన్నవి ఉత్త గుడ్లు. బయటికి వచ్చే తేదీ అడిగి రాయించుకోండి. తెచ్చిన కార్డుని ఫ్రిజ్‌లో 10 డిగ్రీల దగ్గర కొన్నాళ్లు ఆపొచ్చు, ఫ్రీజర్‌లో పెడితే అంతే సంగతులు. కట్టేటప్పుడు ఆకు అడుగున, సాయంత్రం. బెజ్జాలు చేసిన కాగితం కప్పు బోర్లించి దాని లోపల వేలాడదీస్తే వాన నుంచీ, బల్లుల నుంచీ కాస్త రక్షణ. చీమలు మాత్రం కప్పునీ వదలవు, దారానికి వ్యాజిలీన్ పూయండి.

పొలంబడి

గుడ్డు_కార్డు గారి మాటే నాదీ. అల్లిక రెక్కల పురుగు విషయంలో మాత్రం కొనాలనుకుంటే కొనొచ్చు. పేనుబంక, తెల్లదోమ పిల్లలు, తామరపురుగులు, అప్పుడే పుట్టిన పిండినల్లి, అన్నీ తింటుంది. మీ చోటుకి 200 నుంచి 300 గుడ్లు చాలు. ఇవి పుట్టగానే ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకని గుడ్లని గుప్పెడు పొడి రంపపు పొట్టులో కలిపి, పేనుబంక ఉన్న చిగుళ్ల మీద చిటికెడు చిటికెడు చల్లండి. ఒక్క మొక్క మీద గుమ్మరిస్తే మిగిలేది నాలుగే. గుడ్లు బూడిద రంగుకి తిరిగితే రేపో ఎల్లుండో పొదుగుతాయని గుర్తు, ఆ సాయంత్రమే చల్లాలి. పనిచేసేది ఎనిమిది, పది రోజులు. పెద్దయ్యాక చాలావరకు పుప్పొడీ తేనే తాగి బతుకుతుంది, పూలు లేకపోతే వెళ్లిపోతుంది.

గొల్లభామ గుడ్ల గూళ్లు కొంటామని కొందరు అడుగుతుంటారు. వద్దు. అది దొరికిందల్లా తింటుంది, తేనెటీగని కూడా, అక్షింతల పురుగుని కూడా.

ఎక్కడ దొరుకుతాయంటే, రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, దాన్ని నిఫామ్ అంటారు, మిత్ర పురుగుల పెంపకంలో శిక్షణ ఇస్తుంది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ (ఎన్‌బీఏఐఆర్)లో మిత్ర పురుగుల కల్చర్లు, అంటే పెంచుకోవడానికి మొదటి పురుగులు, దొరుకుతాయి. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలోనూ అడగండి. కొరియర్‌లో తెప్పిస్తే సోమ, మంగళవారాల్లో పంపమనండి, ఆదివారం గోడౌన్‌లో ఉండిపోతే డబ్బాలో అన్నీ చస్తాయి.

జొన్న_అంచు

పూల గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు, ఇదే తక్కువ ఖర్చు పద్ధతి. కొత్తిమీర, సోంపు, సోయకూర, ముల్లంగి, ఆవాలు వీటిలో రెండు మూడు కుండీలు కోయకుండా పూతకి వదిలేయండి. చిన్న కందిరీగల నోళ్లు పొట్టివి, పెద్ద పూలలోకి అందవు. కొత్తిమీర పూవు తెరిచిన పళ్లెంలా ఉంటుంది, తేనె పైపైనే దొరుకుతుంది. మూడు వారాలకోసారి చిటికెడు ధనియాలు చల్లితే ఎప్పుడూ ఏదో ఒక కుండీ పూతలో ఉంటుంది. ముద్దబంతి కంటే రేకులు తక్కువున్న ఒంటి బంతి మేలు, ముద్దబంతిలో తేనె దాకా దారి ఉండదు.

ఇక తిండి. పేనుబంక అంతా తుడిచేస్తే అక్షింతల పురుగులు వెళ్లిపోతాయి, మళ్లీ పేనుబంక వచ్చినప్పుడు తోట ఖాళీగా ఉంటుంది. అందుకే వాటికి విడిగా మేత పెట్టాలి. రెండు పెద్ద కుండీల్లో జొన్నో మొక్కజొన్నో 8, 10 గింజలు దగ్గరదగ్గరగా వేసి తోట అంచున పెట్టండి. నాలుగైదు వారాలకి సుడిలోకి నీలిపచ్చ పేనుబంక వస్తుంది. అది గడ్డి జాతి మొక్కల మీదే బతుకుతుంది, మీ బెండకీ చిక్కుడుకీ రాదు. అక్షింతల పురుగులు అక్కడ గుడ్లు పెట్టి పెరుగుతాయి. పిల్లలు వచ్చాక ఆ ఆకుని అంగుళం ముక్కలుగా కత్తిరించి బెండ చిగుళ్ల మధ్య గుచ్చండి. పెద్ద పురుగుల్ని పట్టుకొచ్చి వదిలితే ఎగిరిపోతాయి, రెక్కల్లేని పిల్లలు వదిలినచోటే తింటూ ఉంటాయి. మొదటి కుండీ ముదిరేలోగా రెండోది వేసుకోవాలి, నెల తేడాతో.

రోడ్డు పక్కన జిల్లేడు ఉంటే దాని చిగుళ్లు చూడండి. పసుపు రంగు పేనుబంక ఉంటుంది. అది జిల్లేడు, గన్నేరు లాంటి వాటిని దాటి మీ కూరగాయలకి రాదు. దాని మీద మొసలి ఆకారపు నల్లటి అక్షింతల పురుగు పిల్లలు దొరికితే ఆకుతో సహా తెచ్చుకోవచ్చు. పాలు కంట్లో పడకుండా చేతులు జాగ్రత్త.

అలసంద గురించి మాత్రం ఒక మాట. అలసంద మీది నల్ల పేనుబంకని కూడా ఇలాగే మేతగా వాడతారు, బెండకి అది రాదు. కానీ మీకు చిక్కుడు ఉంది, చిక్కుడుకి అదే పేనుబంక. మీ తోటలో జొన్నే వేయండి.

మిద్దెతోట_ఉప్పల్

అందరికీ ధన్యవాదాలండీ. చీమల పట్టీ, ఎర ఈరోజే మొదలుపెడతాను, జొన్న రేపు వేస్తాను. అంటే క్రిప్టోలీమస్ తెప్పించేది నవంబరు మొదటి వారంలో అవుతుంది. చలికి ఆలస్యమవుతుందా? ఫిబ్రవరి దాకా ఆగమంటారా?

పొలంబడి

ఆగకండి. వాటికి 22 నుంచి 28 డిగ్రీల మధ్య బాగుంటుంది, నవంబరు పగళ్లు సరిగ్గా సరిపోతాయి. డిసెంబరు, జనవరిలో రాత్రులు చల్లబడినప్పుడు పెరుగుదల నెమ్మదిస్తుంది, అంతే. అసలు ఇబ్బంది ఏప్రిల్, మే. 35 దాటిన మిద్దె మీద ఇవి గుడ్లు పెట్టవు, అప్పుడు కొన్నది దండగ. పిల్లలు కోశస్థ దశకి కుండీ అంచుల కిందికీ, ముడుచుకున్న ఎండుటాకుల్లోకీ దిగుతాయి, కాబట్టి వదిలిన తర్వాత నెల రోజులు మందారం కింద ఊడ్చకండి. వంగ కుండీల కింద మాత్రం ఊడ్చాలి, రెండూ ఒకే మూలన ఉంటే ఇప్పుడే విడదీసి పెట్టుకోండి.